పోయిందంటే ఏంది?

ఆమె చనిపోయిన సంగతి నాకు గద్వాల బస్టాండులో తెలిసింది. వనపర్తి బస్సు కోసం నిలబడి ఉంటే, ఒకప్పుడు మా బడిలో మధ్యాహ్న భోజనం వండిన మనిషి నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. పిల్లల గురించి, కూరగాయల ధరల గురించి మాట్లాడాక, మరిచిపోయిందేదో గుర్తొచ్చినట్టు అంది.

"మన పెద్ద టీచరమ్మ సచ్చిపాయె, ఎరికేనా మీకు? దసర ముందల."

"ఏమైంది?"

"ఏం గాలే. వయసయింది గద. కుర్చీల కూసున్నామె కూసున్నట్లనే కండ్లు మూసిందంట. తమ్ముని పెండ్లాం ఎదురుంగ కూసొని ఏందో చెప్పుకుంట ఉన్నదంట. ఎప్పటి తీరుగనే ఇంటున్నది అనుకున్నదంట, పాపం."

నాకు నవ్వొచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది, బస్సు కృష్ణ మీది వంతెన దాటుతుంటే. ఆమెను ఎరిగిన వాళ్ళెవరికైనా ముందు నవ్వే వస్తుంది. ఆమె కళ్ళు మూసుకోవడం గురించి తెలియకపోతే ఆమె గురించి తెలిసిందేమీ లేనట్టే.

నాది నాగర్‌కర్నూలు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో డీఎస్సీలో ఉద్యోగం వస్తే, గద్వాల నుంచి రాజోలి పోయే తోవలో ఒక ఊరి బడిలో వేశారు. గద్వాలలో గది తీసుకుని రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. బడి అంటే రెండు గదులు, ఒక వరండా. హెడ్మాస్టరు సారు, నేను, ఆమె. ఒకటి, రెండు తరగతులు ఆమెవి. నన్ను చూడగానే హెడ్మాస్టరు సారు చెప్పిన మొదటి మాట, "ఆ మేడం క్లాసులో కండ్లు మూసుకుంటే నిద్రపోతున్నదనుకోకండ్రి."

అప్పటికే ఆమెకు యాభై దాటాయి. లావుపాటి అద్దాలు, భుజానికి గుడ్డసంచి, కాళ్ళకు మొగవాళ్ళు వేసుకునే రకం తోలు చెప్పులు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. చూడగానే అలిసిపోయిన మనిషి అనిపించేది. సాయంత్రం అలిసిపోవడం అందరికీ ఉన్నదే. ఈమె పొద్దున గద్వాలలో బస్సెక్కేటప్పటికే అలిసిపోయి ఉండేది.

నేను చేరిన రోజే, ఆమె గది ముందు నుంచి పోతుంటే ఒక పిల్లవాడు ఏడుస్తూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"టీచర్, వాడు నన్ను గిట్ల జేసిండు."

ఆమె అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"చెప్పు. నాకు కనవడేటట్టు చెప్పు."

"గిట్ల జేసిండు టీచర్," వాడు చేత్తో చూపించాడు.

"నేను కండ్లు మూసుకున్న గద. నీ చెయ్యి నాకెట్ల కనవడ్తది? గిట్ల అంటే ఎట్ల? కొట్టిండా, గిచ్చిండా, గీరిండా, నూకిండా?"

వాడు ఏడుపు ఆపి ఆలోచించాడు. "నూకిండు."

"ముంగట నుంచా, ఎనక నుంచా?"

"ఎనక నుంచి. రెండు చేతుల్తోని. నేను పడలే టీచర్. గోడ పట్టుకున్న."

ఆమె కళ్ళు తెరిచింది. "ఆ, ఇప్పుడు కనవడ్డది," అంది. నూకినవాణ్ణి పిలిచేలోపే ఫిర్యాదు చేసినవాడి కోపం సగం దిగిపోయింది. గోడ పట్టుకుని పడకుండా నిలబడ్డ తన గొప్పతనం వాడికి అప్పుడే తెలిసినట్టుంది.

రోజంతా ఇదే పని ఆమెకు. "టీచర్, అది లేదు." ఏది? "గక్కడున్నది." ఎక్కడ, బోర్డు కిందనా, తలుపు ఎనకనా? "కడుపుల ఎట్లనో ఐతుంది." ఎట్ల? మండుతుందా, మెలి వెడ్తుందా, ఆకలా? పాఠం పుస్తకంలో పది పేజీలు ముందుకు పోయిన రోజుకంటే, ఒక పిల్ల 'ఎట్లనో' అనడం మానేసి 'మెలి వెడ్తుంది' అన్న రోజు ఆమెకు బడి నడిచినట్టు.

కొత్త ఉద్యోగం కాబట్టి నాకు ఉత్సాహం ఎక్కువ. పిల్లల నోట 'గిట్ల' అని వినబడితే 'ఇలా' అనాలని దిద్దేదాన్ని. ఒక రోజు బస్సులో ఆమె నా వైపు చూడకుండానే అంది.

"బిడ్డా, వాని మాట వానికి ఉండనీ. గిట్ల అన్నా ఇలా అన్నా రెండూ గాలిల ఏలు ఊపుడే. ఏలు దేని దిక్కు పోతుందో అది సూడు."

ఆమె పుట్టింది గద్వాలలో, మగ్గాల ఇంట్లో. చిన్నప్పుడు వాళ్ళ నాయన మగ్గం గుంతలో కూర్చుని, దారం చుట్టిన కండెలు అందించమని పిల్లలను పిలిచేవాడట. "ఎర్ర కండె తే" అంటే ఈమె ఒక ఎరుపు తీసుకుపోయేది. అది మిరపపండు ఎరుపు. ఆయనకు కావలసింది కుంకుమ ఎరుపు. ఆయన తిట్టేవాడు కాదట. "ఏ ఎరుపో నేను చెప్పకపోతిని, తప్పు నాదే" అని కండె వెనక్కి ఇచ్చేవాడట. "గా మాట నాకు తిట్టుకంటే ఎక్కువ తగిలేది," అందామె. "అప్పటి సంది ఎవరన్న ఏదన్న సగం చెప్తే నా పానం పరేషాన్ ఐతది."

ఈ పరేషాన్ బడి బయట కూడా తగ్గేది కాదు. కండక్టరు "జర ముందుకు జరుగుండ్రి" అంటే, "జర అంటే ఎంతయ్యా, అడుగా, రెండడుగులా?" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. ఆమె నవ్వించడానికి అనలేదని నాకు తెలుసు. పై నుంచి వచ్చే కాగితాల్లో 'తగు చర్యలు తీసుకొనవలెను' అని ఉంటే హెడ్మాస్టరు సారును "తగు అంటే ఏంది సార్?" అని అడిగేది. ఆయన "మేడం, మీకు దండం" అని కాగితం మడిచి జేబులో పెట్టుకునేవాడు.

ఒకసారి నేను, "బాగా అలిసిపోయినట్టున్నరు మేడం" అన్నాను. ఆ మాటను కూడా ఆమె వదల్లేదు.

"కాళ్ళు గుంజుడు ఒకటి. అది పండుకుంటే పోతది. ఇసుగు ఒకటి. అది మనుషుల్ని బట్టి. ఇంకోటి ఉంటది, పండి లేసినంక గూడ మన కంటే ముందే లేసి కూసుంటది. దానికి నాకు ఇంకా పేరు దొరకలే."

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ మూడోది ఏమిటో అర్థం కాలేదు. ఇప్పుడు ఆమె అప్పటి వయసుకు దగ్గరగా వచ్చాను. అర్థమైంది. పేరు మాత్రం నాకూ దొరకలేదు.

ఆమె తరగతిలో మంజుల అనే పిల్ల ఉండేది. రెండో తరగతి. నూనె పెట్టి గట్టిగా బిగించిన రెండు జడలు, అడిగితే తప్ప నోరు విప్పని రకం. విప్పిందంటే మాత్రం టీచరమ్మ పెంపకం ఎట్లాంటిదో తెలిసేది. ఆ పిల్ల వల్లే ఆమెకు మెమో వచ్చింది.

ఒక మధ్యాహ్నం తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. చెప్పి రాలేదు. ఆ సమయానికి ఆమె కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. ఎదురుగా ఒక పిల్లవాడు, వాళ్ళింట్లో మేక జొరబడిన కథ చెబుతున్నాడు. గుమ్మంలో అధికారిని చూసి ఆగిపోయాడు.

"ఆగినవేంది? మేక గంప మీదికెక్కింది. ఎక్కినంక?" అంది ఆమె, కళ్ళు తెరవకుండానే.

"టీచర్, సారొచ్చిండు."

"ఏ సారు? ఎట్లున్నడు?"

"లావుగున్నడు టీచర్. చంకల ఫైలున్నది. కోపంగ సూస్తుండు."

అప్పుడు తెరిచింది కళ్ళు. లేచి నిలబడి నమస్కారం పెట్టింది. అధికారి ఆమెను వదిలేసి ముందు వరుసలో ఉన్న మంజులను లేపాడు.

"మీ టీచర్ రోజూ ఇట్లనే నిద్రపోతదా?"

మంజుల కాసేపు ఆలోచించింది. అడ్డగోడ ఇవతల నేను వింటున్నాను.

"రోజు నిద్రపోదు సార్. ఇప్పుడు నిద్రపోతలేదు, ఇంటున్నది. మొన్న అన్నం తిన్నంక నిద్రపోయింది."

మెమో వచ్చింది. తరగతిలో నిద్రించినందుకు సంజాయిషీ ఇవ్వమన్నారు. ఆమె రెండే వాక్యాలు రాసింది. మొన్న నిద్రపోయిన మాట నిజం, తనిఖీ రోజు నిద్రపోలేదు. హెడ్మాస్టరు సారు తల పట్టుకున్నాడు. "మొన్నటి సంగతి వాళ్ళు అడగలే గద మేడం! అది తీసేయండ్రి."

"తీసేస్తే ఆ పిల్ల చెప్పిందాంట్ల సగం అబద్ధమైతది సార్," అంది.

కాగితం అట్లాగే పైకి పోయింది. ఆమె సర్వీసు పుస్తకంలో ఒక మచ్చ మిగిలింది. ఆ సాయంత్రం బస్సులో కిటికీకి తల ఆనించి, చాలా దూరం పోయాక, "నిద్రపోతలేదు, ఇంటున్నది అన్నది సూడు," అంది. "రెండిటికి తేడా నేను చెప్పియ్యలే. అదే కనుక్కున్నది." పెదవుల మీద చిన్న నవ్వు. మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఈసారి నిజంగానే నిద్ర.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. కందులు కోసిన తర్వాత ఊళ్ళో సగం మంది పూన దిక్కు మట్టిపనికి పోయారు. మంజుల తల్లిదండ్రులు కూడా పోయారు. పిల్లను అవ్వ దగ్గర వదిలి, బడి ముందున్న స్టాపులోనే బస్సెక్కారు. ఆ రోజు మంజుల పలక చేతిలో పట్టుకునే వెళ్ళి చెయ్యి ఊపి వచ్చింది. మేమందరం చూశాం.

ఎండలు ముదరకముందే కబురు వచ్చింది. పనికాడ ఆ తల్లికి జ్వరం వచ్చి, దవాఖానలో పడి, చనిపోయింది. అక్కడే దహనం చేశారు. తండ్రి ఒక్కడే వచ్చి, చెయ్యాల్సిన కర్మ చేసి, మళ్ళీ పనికి పోయాడు. ఆ రోజుల్లో పిల్లను మేనత్త ఊరికి పంపించారట. తిరిగి వచ్చాక ఎప్పటిలాగే బడికి వచ్చింది. మాకు సంగతి వంట చేసే ఆమె చెప్పింది. పిల్ల మామూలుగానే ఉంటే, ఏడ్చి తేరుకుందనుకున్నాం. కొత్తగా ఒక్కటే కనబడింది. సాయంత్రం మేము బస్సు కోసం నిలబడితే ఆ పిల్ల కూడా స్టాపు అరుగు మీద కూర్చుని ఉండేది.

తర్వాత ఒక రోజు క్లాసు మధ్యలో ఫ్యాను ఆగింది. పిల్లలంతా ఒక్కసారిగా "కరెంటు పోయింది!" అని అరిచారు. ఆమెకు ఆ రోజు ఒంట్లో బాగాలేదు. అయినా ఊరుకోలేదు.

"పోయింది, పోయింది. అన్నిటికి గదొక్క మాటేనా? పాపం ఆ మాటకు ఎంత చాకిరి! కరెంటు యాడికన్న నడుసుకుంట పోయిందా?"

"ఆగింది టీచర్!"

"ఆ. మరి నీ పలక పోయింది అంటివి పొద్దున?"

"పగిలింది టీచర్."

"నీ రబ్బరు?"

"ఎవరో తీస్కున్నరు."

"మీ తమ్మునికి జరం పోయిందన్నవ్?"

"తగ్గింది!"

పిల్లలకు హుషారు వచ్చింది. ఒకరి మీద ఒకరు పడి 'పోయిన'వాటిని తెచ్చి ముందర పోస్తున్నారు. ఆ గోలలో మంజుల గొంతు వినిపించింది.

"మా అమ్మ పోయింది."

అడ్డగోడ ఇవతల నా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఒక పిల్లవాడు తనే సాయం చేశాడు. "ఎల్లింది అనాలె. ఊరికి ఎల్లింది."

"ఔ," అంది మంజుల. "పూన ఎల్లింది. బస్సుల. ఎప్పుడొస్తదో మా అవ్వకు తెల్వదంట."

"బయటికి పోయి ఆడుకోండ్రి," అంది ఆమె. ఆమె ఒక మాటను అడగకుండా తప్పుకోవడం నేను చూడడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం కూడా ఆ పిల్ల అరుగు మీద ఉంది. గద్వాల నుంచి వచ్చిన బస్సులో దిగిన వాళ్ళందరి మొహాలూ చూసింది. మేము మా బస్సెక్కాం. ఆమె దారి పొడుగునా ఒక్క మాటే మాట్లాడింది.

"రోజు సూస్తనే ఉన్న. ఎందుకు కూసున్నవే అని ఒక్కపారి గూడ అడగకపోతిని."

మరునాడు పొద్దున మంజుల అవ్వ బడికి వచ్చింది. మనవరాలి చెయ్యి పట్టుకుని, కొంగు నడుముకు చుట్టి, గేటు దగ్గరి నుంచే అరుస్తూ వచ్చింది.

"ఏం చెప్పినవ్ టీచరమ్మా నా పిల్లకు? రాత్రంత నా పానం తీసింది. పోయిందంటే ఏంది అవ్వా, ఎల్లిందా, ఇంకోటా అంటది. ఏమని చెప్పాలె నేను? సదువు చెప్పమంటే గిదా నువ్వు చెప్పేది?"

టీచరమ్మ గేటు దాకా పోయి ఆమెను తీసుకొచ్చింది. వరండాలో చాప వేయించింది. వంట చేసే ఆమె నీళ్ళు తెచ్చింది. ముసలామె నీళ్ళు తాగాక గొంతు తగ్గింది.

"జర పెద్దగయినంక చెప్తమనుకున్నం టీచరమ్మా. పసి పానం. తట్టుకుంటదా?"

"పెద్దగయ్యేదాంక ఆ బస్టాపుల కూసుంటది అవ్వా."

ముసలామె తల వంచుకుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. "నా నోరు రాదు. నువ్వే చెప్పు," అని గోడ వైపు తిరిగింది.

నేను నా పిల్లలను లెక్కలు చేసుకోమని వరండా చివర నిలబడ్డాను. పోవాలనిపించింది. పోలేకపోయాను. ఆమె మంజులను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కళ్ళు మూసుకోలేదు. అద్దాలు కూడా తీయలేదు.

"నిన్న నీ మాటకు నేను జవాబు చెప్పలే బిడ్డా. ఇప్పుడు చెప్త. మీ అమ్మ పూన ఎల్లింది. అది నువ్వు సూసినవ్. అక్కడ జరమొచ్చింది. దవాఖానకు తీస్కపోయిండ్రు. జరం తగ్గలే. మీ అమ్మ చచ్చిపోయింది."

"చచ్చిపోయిందంటే?"

"ఊపిరి ఆగిపోయింది. ఇంక లేవదు. మాట్లాడదు. తిరిగి రాదు."

"బస్సుల గూడ రాదా?"

"బస్సుల గూడ రాదు."

మంజుల తన కాళ్ళ వైపు చూసుకుంది. ఒక పట్టీ జారితే పైకి లాక్కుంది. ఏడుస్తుందని మేమందరం కాచుకుని ఉన్నాం. ఏడవలేదు.

"మరి అక్కడ అమ్మకు ఆకలైతదా?"

"కాదు."

"సలి వెడ్తదా?"

"పెట్టదు. నొప్పి గూడ ఉండదు."

"నేను యాదికొస్తనా?"

అప్పటి ఆమె ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. 'వస్తవు' అంటే అయిపోయేది. ఆ ఊళ్ళో ఎవరైనా అదే అనేవాళ్ళు, నేనైనా అదే అనేదాన్ని.

"అది నాకు తెల్వదు బిడ్డా," అంది.

గోడ వైపు తిరిగి ఉన్న ముసలామె గిర్రున ఇటు తిరిగింది. "వస్తవే! ఎందుకు రావు? నువ్వు గాక ఇంకెవరొస్తరు దానికి యాదికి?" అని పిల్లను ఒడిలోకి గుంజుకుంది. అప్పుడు ఏడ్చింది మంజుల. అవ్వా మనవరాలూ కలిసి, ఇన్నాళ్ళకు, ఒకే సంగతికి ఏడ్చారు. టీచరమ్మ అవ్వ మాటను దిద్దలేదు. లేచి, గోడ పట్టుకుని, మెల్లగా తన గదిలోకి పోయింది. ఆ రోజు ఒకటి, రెండు తరగతులను కూడా నేనే కూర్చోబెట్టుకున్నాను.

తర్వాత కొన్ని రోజులు మంజుల బడికి రాలేదు. ఆ రోజుల్లో ఆమె బస్సులో మాట్లాడేది కాదు. ఒకసారి మాత్రం, "సరైన మాట చెప్పిన. అది ఎరికే. మంచి పని చేసిన్నో లేదో ఎరికలే," అంది. నేను ఓదార్చబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నీకు గూడ తెల్వదు. ఊకె అనకు."

ఒక సోమవారం మంజుల మళ్ళీ వచ్చింది. ఎప్పటిలాగే ముందు వరుసలో కూర్చుంది, అడిగినదానికి జవాబు చెప్పింది. టీచరమ్మ ముఖంలో కొంచెం రక్తం తిరిగింది. కానీ సాయంత్రం మేము స్టాపుకు వచ్చేసరికి ఆ పిల్ల అరుగు మీదే ఉంది, మోకాళ్ళు దగ్గరకు తీసుకుని, గద్వాల రోడ్డు వైపు మొహం పెట్టి.

ఆమె అడుగు ఆగిపోయింది. చెప్పిందంతా వృథా అయిందనుకుందో, పిల్ల నమ్మలేదనుకుందో. దగ్గరికి పోయి చాలా నెమ్మదిగా అడిగింది.

"ఎవరి కోసం ఎదురుసూస్తున్నవ్ మంజులా?"

మంజుల తల తిప్పి చూసింది.

"ఎదురుసూస్తలేను టీచర్," అంది. "ఊకె సూస్తున్న."

ఆమె భుజాన ఉన్న సంచి దించి, ఆ పిల్ల పక్కన అరుగు మీద కూర్చుంది. ఇంతలో మా బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రమ్మని పిలిచాడు. ఆమె వాడిని పొమ్మని చెయ్యి ఊపింది. నేను కూడా ఎక్కలేదు. దుమ్ము తగ్గాక, ఆమెకు అవతలి పక్క కూర్చున్నాను. ముగ్గురం చీకటి పడేదాకా ఆ రోడ్డు వైపు ఊరికే చూస్తూ ఉన్నాం.